మురుగు గొట్టాల క్షీణత: ముందస్తు అంచనా

నేలలో పూడ్చిన మురుగు గొట్టం ఎన్నేళ్ళకు ఏ స్థితికి చేరుతుందో, ఎప్పుడు పగులుతుందో, ఎప్పుడు కూలేంత బలహీనపడుతుందో ముందుగా లెక్కకట్టే శాస్త్రం ఇది. పట్టణ ఇంజనీరింగు, సూక్ష్మజీవశాస్త్రం, గణాంకశాస్త్రం మూడూ ఇక్కడ కలుస్తాయి. నగరంలోని గొట్టాలన్నింటినీ తవ్వి చూడటం కుదరని పని. చూసిన కొద్దిపాటి గొట్టాల నుంచి చూడనివాటి సంగతి తెలుసుకోవాలి. ఫలానా వీధిలో ఫలానా రోజున గొట్టం కూలుతుందని ఈ శాస్త్రం చెప్పదు. బీమా సంస్థ ఒక మనిషి ఎప్పుడు పోతాడో చెప్పలేకపోయినా, అరవై దాటిన వెయ్యిమందిలో వచ్చే పదేళ్ళలో ఎందరు పోతారో చెప్పగలదు కదా, ఇదీ అలాంటిదే. ఒకే రకం గొట్టాలు, ఒకే కాలంలో వేసినవి, ఒకే రకం నేలలో ఉన్నవి నూరు ఉంటే, ఎప్పటికి ఎన్ని చెడతాయో చెబుతుంది. ఏ వీధిని ముందు తవ్వాలో, ఏ వీధిని మరో పదేళ్ళు వదిలేయవచ్చో తేల్చుకోవడానికి నగరపాలికకు ఆ మాత్రం తెలిస్తే చాలు.

కుందారపల్లి, హోసూరు, కృష్ణగిరి

ఈ లెక్క అవసరం ఎక్కడ మొదలవుతుందో ఒక ఊరితో చూద్దాం. హోసూరు నుంచి కృష్ణగిరికి దిగే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉన్న ఊరు కుందారపల్లి. వేపనపల్లి దారి చీలే కూట్రోడ్డు, మేకలూ గొర్రెలూ చేతులు మారే వారపు సంత ఈ ఊరికి గుర్తులు. తమిళనాడులో ఉన్నా చుట్టుపక్కల ఊళ్ళలో తెలుగు ఇంటి భాష. ఇలాంటి ఊళ్ళలో వాడిన నీళ్ళు వీధి మోరీలోకీ, మరుగుదొడ్డి నీళ్ళు సెప్టిక్ ట్యాంకులోకీ పోతాయి. తెరచి ఉన్న మోరీ పగిలితే దారిన పోయే ఎవరికైనా కనబడుతుంది. నేల కింద గొట్టం పగిలితే కనబడేది రోడ్డు కుంగినప్పుడే. మోరీ నుంచి గొట్టానికి మారే ఊరు, కంటితో చూసి తెలుసుకునే వీలును వదులుకుంటోంది. దాని బదులు పట్టుకోవలసింది లెక్కను.

హోసూరు 2019లో నగరపాలక సంస్థ అయింది. సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చాక పెరిగిన ఊరు అది. బెంగళూరు విస్తరణ దాని గడప దాకా వచ్చింది. నంది కొండల్లో పుట్టి బెంగళూరు పక్కగా పారి హోసూరు చేరే దక్షిణ పినాకిని, అంటే పొన్నైయారు, తన నీటితోపాటు ఆ మహానగరం మురుగునూ మోసుకొస్తుంది. కెలవరపల్లి జలాశయం గేట్ల దగ్గర తెల్లని నురుగు గుట్టలుగా లేవడం ఈ ప్రాంతంవాళ్ళు ఎన్నోసార్లు చూసిందే. ఆ నీరే కింద కృష్ణగిరి జలాశయానికి చేరుతుంది. ఎగువ ఊరి గొట్టాలు బాగున్నాయా లేదా అన్నది దిగువ ఊరి పొలాలకు సంబంధించిన ప్రశ్న కూడా.

గొట్టాన్ని తినేది ఏమిటి

గొట్టం వయసు వల్లనే చెడుతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. అది సగమే నిజం. ముప్ఫై ఏళ్ళకే పైకప్పు తరిగిపోయిన కాంక్రీటు గొట్టాలూ, నూరేళ్ళు దాటినా చెక్కుచెదరని ఇటుక సొరంగాలూ ప్రపంచమంతటా ఉన్నాయి. వయసు కన్నా ముందు చూడవలసినవి: గొట్టం దేనితో చేసింది, ఎంత లోతున ఉంది, కింద పరుపు ఎలా వేశారు, అందులో పారేది ఏమిటి, ఎంత వేగంతో పారుతోంది.

మన దేశంలో చిన్న గొట్టాలకు చాలాకాలం ఉప్పు మెరుగు పెట్టి కాల్చిన మట్టి గొట్టాలు వాడారు. స్టోన్‌వేర్ అని పిలిచే వీటిని ఆమ్లం ఏమీ చేయలేదు. వీటి బలహీనత అతుకుల్లో ఉంది. గొట్టం పెళుసు, ముక్క పొడవు తక్కువ, అందువల్ల అతుకులెక్కువ. అతుకు వదులైతే రావి, మర్రి వేళ్ళు లోపలికి దూరతాయి. వానాకాలంలో భూగర్భజలం అదే సందులోంచి లోపలికి కారుతూ చుట్టూ ఉన్న మట్టిని కొంచెం కొంచెంగా లాక్కెళుతుంది. గొట్టం పైన ఖాళీ ఏర్పడుతుంది. రోడ్డు కొంతకాలం ఆ ఖాళీ మీద వంతెనలా నిలబడి, ఒకరోజు బరువైన లారీ కింద కుంగిపోతుంది. ఉన్నట్టుండి గొయ్యి పడిందని జనం అనుకుంటారు గానీ, అది ఏళ్ళ తరబడి తయారైన గొయ్యి.

పెద్ద గొట్టాలు కాంక్రీటువి. మన ఊళ్ళలో హ్యూం పైపులు, తూములు అంటారు. ఆస్ట్రేలియాకు చెందిన హ్యూం సోదరులు 1910లో కనిపెట్టిన పద్ధతి ఇది. అచ్చును గిరగిరా తిప్పి ఆ ఊపుతో కాంక్రీటును గట్టిపరుస్తారు. 1926లో ఇండియన్ హ్యూం పైప్ కంపెనీ మొదలయ్యాక ఆ పేరే మన నోళ్ళలో గొట్టానికి పేరైంది. కాంక్రీటు గొట్టానికి శత్రువు అందులో పారే నీళ్ళు కావు, ఆ నీళ్ళ పైనుండే గాలి.

ఈ సంగతి బయటపడటానికి చాలాకాలం పట్టింది. గొట్టం అడుగున, నీళ్ళ కింద, జిగురు పొర పేరుకుంటుంది. అక్కడ గాలి అందదు. గాలి లేకుండా బతికే సూక్ష్మజీవులు మురుగులోని సల్ఫేటును సల్ఫైడుగా మారుస్తాయి. నీళ్ళు సుడి తిరిగేచోట, పైనుంచి పడేచోట అది హైడ్రోజన్ సల్ఫైడు వాయువై పైకి లేస్తుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన దానిదే. ఆ వాయువు పైకప్పుకు పట్టిన తడిలో కరుగుతుంది. అక్కడ గాలి ఉంది కాబట్టి మరో రకం సూక్ష్మజీవులు దాన్ని గంధకామ్లంగా మారుస్తాయి. ఆమ్లం తగిలిన సిమెంటు జిప్సమై, తడిసిన సుద్దలా వేలితో గీస్తే రాలిపోతుంది. ఈ పనిలో బతికున్న జీవుల చెయ్యి ఉందని 1945లో మెల్‌బోర్న్‌లో సి.డి. పార్కర్ చూపించాడు. అందుకే గొట్టం అడుగు నున్నగా ఉండి, పైకప్పులో ఇనుప కడ్డీలు బయటపడుతుంటాయి.

ఈ తినివేతను లెక్కకట్టే సూత్రాన్ని రిచర్డ్ పొమెరాయ్, పార్క్‌హర్స్ట్‌లు 1970ల్లో స్థిరపరిచారు. అందులో కృష్ణగిరివాళ్ళు ప్రత్యేకంగా చూడవలసిన అంశాలు రెండున్నాయి. మొదటిది కంకర. ఆమ్లాన్ని చంపే గుణం, అంటే క్షారత, గ్రానైటు కంకరతో చేసిన కాంక్రీటుకు సుమారు 0.16 ఉంటే, సున్నపురాతి కంకరతో చేసినదానికి 0.9 దాకా ఉంటుంది. గ్రానైటు ఆమ్లంతో కలవదు, కాబట్టి భారమంతా సిమెంటు మీదే పడుతుంది. సున్నపురాయి తానూ కరుగుతూ ఆమ్లాన్ని చల్లారుస్తుంది. అంత ఆమ్లమే తగిలినా గ్రానైటు కాంక్రీటు అయిదు రెట్లకు పైగా వేగంగా తరుగుతుంది. గ్రానైటు క్వారీలకు పేరుపడిన జిల్లాలో, ఇక్కడ జల్లి అనే కంకరంతా ఆ రాయిదే అయినచోట, ఇది చిన్న విషయం కాదు. గట్టి రాయి గనుక గట్టి గొట్టం అనుకోవడం సహజం. బరువు మోయడంలో అది నిజమే. ఆమ్లం ముందు మాత్రం మెత్తని సున్నపురాయే నయం.

రెండోది వేడి. మురుగు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే సల్ఫైడు పుట్టించే సత్తువ సుమారు 7 శాతం పెరుగుతుందని ఆ లెక్క. పది డిగ్రీలకు దాదాపు రెట్టింపు. చల్లని దేశాల అనుభవంతో రాసుకున్న ఆయుర్దాయాన్ని మన ఎండలకు వాడితే దెబ్బతింటామని దీని అర్థం. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న హోసూరుకూ, ఘాటు దిగి వేడెక్కే కృష్ణగిరికీ ఒకే అంకె పనికిరాకపోవచ్చు.

పారే వేగానిదీ పెద్ద పాత్రే. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపీహెచ్‌ఈఈవో 2013లో వెలువరించిన మార్గదర్శి, గొట్టం వేసిన తొలినాళ్ళలో కూడా, రోజులో ఎక్కువ నీళ్ళు పారే వేళ, మురుగు సెకనుకు కనీసం 0.6 మీటర్ల వేగం అందుకోవాలంటుంది. గొట్టం తనను తాను కడుక్కోవడానికి అంత ఊపు కావాలి. అదే మార్గదర్శి గొట్టాలను 30 ఏళ్ళ తరువాతి జనాభాకు సరిపడా వేయమంటుంది. ఈ రెండూ ఢీకొనేది కొత్తగా గొట్టాలు వేసిన పట్టణాల్లో. గొట్టం రేపటి జనానికి వేసింది, ఇవాళ కనెక్షన్ తీసుకున్న ఇళ్ళు కొన్నే. నీళ్ళు చాలక మురుగు నిలుస్తుంది, పూడిక పడుతుంది, జిగురు పొర మందమవుతుంది, వాయువు పెరుగుతుంది. గొట్టం వేసిన మొదటి పదేళ్ళే దానికి గండం. ఇంటింటికీ కనెక్షన్ ఇవ్వడంలో ఆలస్యం చేస్తే ఆదాయం ఒక్కటే పోదు, గొట్టం ఆయువూ పోతుంది.

పరిశ్రమల ఊళ్ళకు లాస్ ఏంజెలెస్ చెప్పే పాఠం ఒకటుంది. 1970, 80ల్లో అక్కడి కర్మాగారాలు లోహాలు కలిసిన వ్యర్థజలాన్ని శుద్ధి చేశాకే మురుగులోకి వదలాలన్న కట్టుబాటు వచ్చింది. నదికీ సముద్రానికీ అది మేలు. ఆ తరువాత కాంక్రీటు గొట్టాల తినివేత మాత్రం అంతకుముందు ఎన్నడూ లేనంత పెరిగింది. అప్పటిదాకా ఆ లోహాలు సల్ఫైడును పట్టి ఉంచేవి, సూక్ష్మజీవులకు విషమయ్యేవి. అవి తగ్గడంతో జీవులకు అడ్డు లేకపోయింది. శుద్ధి మానాలని దీని భావం కానే కాదు. పారే నీటి స్వభావం మారితే పాత లెక్కలు చెల్లవు, కొత్తగా కట్టుకోవాలి. కర్మాగారాల హోసూరుకు ఇది గుర్తుండాలి.

హైదరాబాదు చెప్పే సంగతి

తెలుగువాళ్ళ నగరాల్లో భూగర్భ మురుగు వ్యవస్థకు ఎక్కువ చరిత్ర ఉన్నది హైదరాబాదుకే. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తింది. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం పిలిపించింది. ఆయన వరద నివారణతోపాటు మురుగు నీటి పారుదలకూ పథకం ఆలోచించి, 1922లో మళ్ళీ వచ్చి ఆ పనిని చేపట్టారు. 1930ల తొలినాళ్ళలో పని మొదలుపెట్టిన ఆ వ్యవస్థ సుమారు అయిదు లక్షల మంది కోసం కట్టింది. ఇవాళ నగర జనాభా కోటికి అటూ ఇటూ. పాత నగరం అడుగున తొలితరం గొట్టాలు, వాటికి దశాబ్దానికొకటిగా తగిలించిన కొత్త గొట్టాలు, శివారు కాలనీలు ఎవరికి వారు వేసుకున్నవి, అన్నీ కలిసిపోయాయి. 1989లో ఏర్పడిన జలమండలికి దక్కిన వారసత్వం ఇది. 2021లో శివారు మురుగు నిర్వహణ కూడా దాని చేతికే వచ్చింది. ఏ గొట్టం ఏ ఏడు వేసిందో తెలియనిచోట ఏ గణాంక పద్ధతీ మొదటి అడుగు వేయలేదు. అందుకే పాత నగరాల్లో అంచనా పని కాగితాల గదిలో మొదలవుతుంది, పాత పటాల్ని వెతకడంతో.

గొట్టం చెడితే పోయేది రోడ్డు ఒక్కటే కాదు. మన నగరాల్లో తాగునీరు రోజంతా రాదు. కుళాయి కట్టేసిన వేళ నీటి గొట్టంలో ఒత్తిడి పడిపోయి, పక్కన కారుతున్న మురుగును చిల్లుల్లోంచి లోపలికి పీల్చుకుంటుంది. 2009 మేలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో కలుషితమైన తాగునీటితో పలువురు చనిపోయారు. 2018 మార్చిలో గుంటూరులో అలాంటి విషాదమే జరిగింది. మురుగు గొట్టం లెక్కను తాగునీటి గొట్టం లెక్కతో కలిపి చూడాలనడానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు. 2022 డిసెంబరులో హైదరాబాదు గోషామహల్‌లో నాలా మీది కప్పు కూలి, వాహనాలు, అంగళ్ళ సామాన్లు అందులో పడ్డాయి. అది మురుగు గొట్టం కాదు, కప్పేసిన నాలా. అయినా కారణం ఒకే జాతిది: లోపలి బలం తరుగుతుంటే పైన బరువు పెరుగుతూ పోయింది, రెంటినీ కలిపి లెక్క చూసినవాళ్ళు లేరు.

లోపలికి చూడటం

అంచనాకు ముడిసరుకు పరిశీలన. ఒక మ్యాన్‌హోల్ నుంచి మరోదాని దాకా చక్రాల బండి మీద కెమెరాను నడిపి, ఏ మీటరు దగ్గర పగులు, ఏ మీటరు దగ్గర వేళ్ళు, ఎక్కడ అతుకు జారిందో రాసుకుంటారు. ఒక్కో లోపానికి మార్కులు వేసి, గొట్టానికి 1 నుంచి 5 దాకా స్థాయి ఇస్తారు. 1 అంటే కొత్తదానిలా ఉంది, 5 అంటే కూలింది లేదా కూలబోతోంది. బ్రిటన్‌లోని నీటి పరిశోధన సంస్థ డబ్ల్యూఆర్‌సీ 1980లో తెచ్చిన వర్గీకరణ దీనికి దారి చూపింది. అమెరికాకు, ఐరోపాకు తరువాత సొంత పద్ధతులు వచ్చాయి. ఈ మార్కుల్లో మనిషి పొరపాటు తక్కువేమీ కాదు. 2013లో వెలువడిన ఒక డచ్చి పరిశోధన, ఉన్న లోపాల్లో దాదాపు నాలుగో వంతు పరిశీలకుల కంట పడటం లేదని తేల్చింది. ఒకే గొట్టాన్ని రెండేళ్ళ తేడాతో చూసినప్పుడు, మరమ్మతు లేకుండానే అది బాగుపడినట్టు నమోదు కావడం చాలా నగరాల లెక్కల్లో కనిపిస్తుంది.

కెమెరాకు ముందు మన దేశంలో గొట్టం లోపలికి చూసింది మనుషులు. దిగినవాడే చూసి వచ్చి చెప్పేవాడు, కొందరు పైకి రాలేదు. రక్షణ పరికరాలు లేకుండా మనుషులను అలా దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మురుగు గుంటల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014 మార్చి 27న సుప్రీంకోర్టు ఆదేశించింది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఈ పోరాటంలో ముందున్న సఫాయి కర్మచారి ఆందోళన్ నాయకుడు, 2016లో మెగసెసే పురస్కారం అందుకున్న బెజవాడ విల్సన్ పుట్టింది కృష్ణగిరికి దగ్గరలోని కోలారు బంగారు గనుల పట్టణంలోనే, తెలుగు కుటుంబంలో. ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ ఆ ఉద్యమానికి అండగా నిలిచారు. క్షీణత అంచనా గురించిన ఇంజనీరింగు పుస్తకాలు ఖర్చు ఆదాను మొదటి ప్రయోజనంగా రాస్తాయి. మన దేశంలో మొదటి ప్రయోజనం వేరనీ, పూడబోయే గొట్టం ముందుగా తెలిస్తే మనిషిని దింపే అవసరమే పుట్టదనీ ఈ వ్యాసకర్త నమ్మకం. హైడ్రోజన్ సల్ఫైడు గొట్టాన్ని తినడానికి ఏళ్ళు పడుతుంది, లోపల మనిషిని చంపడానికి నిమిషాలు చాలు.

లెక్క కట్టే పద్ధతులు

పొమెరాయ్ సూత్రంలాంటివి కారణం నుంచి ఫలితానికి నడుస్తాయి. ఒక్క గొట్టానికి అవి బాగా పనికొస్తాయి గానీ, నగరమంతటికీ వాడాలంటే కావలసిన కొలతలు దొరకవు. అందుకే ఎక్కువగా వాడేది గణాంక పద్ధతులు.

వాటిలో పేరున్నది మార్కోవ్ గొలుసు. రష్యా గణిత శాస్త్రవేత్త అంద్రేయ్ మార్కోవ్ 1906లో ఈ ఆలోచనను ముందుకు తెచ్చి, 1913లో పుష్కిన్ కావ్యం ఎవ్గెనీ ఒనేగిన్‌లోని 20,000 అక్షరాల మీద ప్రయోగించి చూపాడు. అచ్చు తరువాత హల్లు వచ్చే అవకాశం ఎంత, హల్లు తరువాత అచ్చు వచ్చే అవకాశం ఎంత అని లెక్కించాడు. గొట్టాలకూ అదే తీరు. ఇవాళ 2వ స్థాయిలో ఉన్న గొట్టం వచ్చే ఏటికి 3కు జారే అవకాశం ఎంత, అక్కడే ఉండే అవకాశం ఎంత? ఉదాహరణకు ఏటా నూటికి 5 గొట్టాలు 1వ స్థాయి నుంచి కిందికి జారుతాయనుకుందాం. పదేళ్ళకు మొదటి స్థాయిలో మిగిలేవి నూటికి 60, ఇరవై ఏళ్ళకు 36, ముప్ఫై ఏళ్ళకు 21. మార్గదర్శి చెప్పే 30 ఏళ్ళు నిండేసరికి కొత్తదానిలా ఉండేది అయిదింట ఒకటి. ఈ అంకెలు పద్ధతి తెలియడానికి అనుకున్నవి. నిజం అంకెలు ఊరిని బట్టి మారతాయి. అమెరికాలో ఇండియానాపొలిస్, శాన్ డీగో గొట్టాల మీద పర్‌డ్యూ విశ్వవిద్యాలయపు డల్సీ అబ్రహాం బృందం 2001, 2006ల్లో ఈ దారిలో పనిచేసింది. ఈ పద్ధతికి లోటు ఒకటుంది. గొట్టం గతాన్ని ఇది పట్టించుకోదు. నిన్ననే 3కు జారిన గొట్టాన్నీ, ఇరవై ఏళ్ళుగా 3లోనే నిలిచిన గొట్టాన్నీ ఒకే కంటితో చూస్తుంది.

ఆ లోటును తీర్చడానికి వయసును లెక్కలోకి తెచ్చే మనుగడ పద్ధతులు వచ్చాయి. ఒకే కాలంలో, ఒకే పదార్థంతో వేసినవాటిని ఒక తరంగా కట్టి, ఆ తరం ఎలా తరిగిపోతుందో గీత గీస్తాయి. జర్మనీకి చెందిన హెర్జ్ 1990ల్లో, ఫ్రాన్స్‌కు చెందిన లె గా 2008లో చేసినవి ఈ కోవకు చెందినవి. ఇక యంత్రాభ్యాస (మెషీన్ లెర్నింగ్) పద్ధతులు. కెనడాలోని గ్వెల్ఫ్ పట్టణపు గొట్టాల మీద 2014లో హార్వీ, మెక్‌బీన్‌లు వందల నిర్ణయ వృక్షాలను కలిపి ఓటు వేయించే పద్ధతిని పరీక్షించారు. బెర్లిన్‌లో రెండు రకాలనూ పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధకులకు తేలింది ఇదీ: నగరం మొత్తానికి ఎంత డబ్బు కావాలో చెప్పడానికి మనుగడ పద్ధతి మేలు, రేపు ఏ గొట్టంలోకి కెమెరా పంపాలో చెప్పడానికి యంత్రాభ్యాసం మేలు. ఒకటి ఖజానా అడిగే ప్రశ్న, ఇంకొకటి మేస్త్రీ అడిగే ప్రశ్న.

ఏ పద్ధతినైనా మోసగించే లోపం ఒకటుంది. బాగా చెడిన గొట్టాలను ఎప్పుడో తీసేసి ఉంటారు, వాటి వివరాలూ పోతాయి. ఇవాళ దొరికే ఎనభై ఏళ్ళ గొట్టాలన్నీ గట్టిపిండాలే. వాటిని చూసి ఎనభై ఏళ్ళకూ గొట్టం బాగుంటుందని తేల్చితే, తొంభై ఏళ్ళ తాతల్ని మాత్రమే చూసి మనిషి ఆయువు తొంభై అన్నట్టవుతుంది. తీసేసిన గొట్టం వివరాలు దాచడం అందుకే ఉన్న గొట్టం వివరాలు రాయడంతో సమానం. ఫిర్యాదులున్న వీధుల్లోకే కెమెరా పంపడం కూడా ఇలాంటి వంకరనే తెస్తుంది. అప్పుడు నగరమంతా చెడిపోయినట్టు కనబడుతుంది.

అంచనా వచ్చాక దాన్ని గొట్టం కూలితే కలిగే నష్టంతో గుణిస్తారు. ఆసుపత్రి ముందు, రైలు పట్టాల కింద, తాగునీటి గొట్టం పక్కన ఉన్న 3వ స్థాయి గొట్టం, ఖాళీ స్థలం కింది 4వ స్థాయి గొట్టం కన్నా ముందు వరుసలోకి వస్తుంది. గొట్టాన్ని తవ్వి మార్చనక్కరలేకుండా లోపల కొత్త పొర తొడిగే పద్ధతులున్నాయి. అవి పనిచేసేది గొట్టం 3, 4 స్థాయిల్లో ఉండగానే. 5కు చేరాక తవ్వకం తప్పదు, ఖర్చు ఎన్నో రెట్లవుతుంది.

కొత్తగా వేసే ఊళ్ళకు

2015లో అమృత్, 2021లో అమృత్ 2.0 పథకాలు వచ్చాక నగరాలతోపాటు చిన్న పట్టణాల వీధుల్లోనూ గొట్టాల పనులు కనిపిస్తున్నాయి. పెద్ద నగరాలు పోగొట్టుకున్నది ఈ ఊళ్ళ చేతిలో ఇంకా ఉంది: మొదటి రోజు వివరం. దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేరు అక్కరలేదు. గొట్టం ఏ పదార్థం, ఏ కర్మాగారం నుంచి వచ్చింది, కాంక్రీటైతే కంకర ఏ రాయిది, ఎంత లోతు, ఎంత వాలు, పరుపు ఇసుకా మట్టా, ఆ రోజు గుంటలో నీళ్ళున్నాయా లేవా, ఏ నెల వేశారు: ఒక్కో గొట్టానికి ఒక వరుస చాలు. పరుపు సరిగా లేని గొట్టం తొలి ఏళ్ళలోనే పగులుతుంది. నడుమ కాలం నెమ్మదిగా గడుస్తుంది. ముసలితనంలో క్షీణత మళ్ళీ వేగం పుంజుకుంటుంది. తొలి పగుళ్ళకు కారణం తెలియాలంటే ఆ వరుసలోని పరుపు గడి నిండి ఉండాలి.

గుత్తేదారుకు చివరి బిల్లు చెల్లించక ముందే గొట్టంలోకి కెమెరా పంపి, ఆ దృశ్యాన్ని మ్యాన్‌హోల్ నంబరుతో దాచి పెట్టుకోవాలి. అయిదేళ్ళ తరువాత అదే మ్యాన్‌హోల్ నుంచి, అదే వైపు, అదే గొట్టంలోకి మళ్ళీ కెమెరా పంపినప్పుడు, రెండు దృశ్యాల నడుమ కనబడే తేడా ఆ ఊరికి సొంతంగా దొరికే మొదటి అంకె.